గర్భిణి ముద్దలో ఎవరి హక్కు?

ఇంట్లో అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే కోడలిని ‘ఓర్పు గలది’ అని మెచ్చుకుంటాం. ఆమె కడుపుతో ఉన్నప్పుడు కూడా ఈ మెప్పు న్యాయమేనా? ఇది వంటింటి విషయంలా కనిపించినా, ధర్మం దృష్టిలో హక్కులకు సంబంధించిన ప్రశ్న.

తనకు అవసరం ఉన్నా ఇతరులకు ప్రాధాన్యమివ్వడాన్ని ‘ఈసార్’ అంటారు. మదీనా అన్సార్లలోని ఈ గుణాన్ని దివ్య ఖుర్ఆన్ (59:9) ప్రశంసించింది. అయితే మనిషి వదులుకోగలిగేది తన హక్కునే. పరుల హక్కును త్యాగం చేసే అధికారం ఎవరికీ లేదు. గర్భిణి ముందున్న అన్నంలో రెండు ప్రాణాల వాటా ఉంది. తండ్రి మరణిస్తే, ఇంకా పుట్టని బిడ్డ కోసం ఆస్తిలో వాటా ఆపి ఉంచాలని మన వారసత్వ శాస్త్రం చెబుతోంది. ఆస్తిలో హక్కున్న బిడ్డకు అన్నంలో హక్కు లేదా?

బిడ్డ తనకు కావలసిన ఇనుమును తల్లి రక్తం నుంచే తీసుకుంటుంది. ఆహారంలో కాల్షియం చాలకపోతే తల్లి ఎముకల నుంచి లాగుతుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే తీవ్ర ప్రమాదం. నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం దీని ఫలితాలే. అలాంటి తల్లి కాన్పులో పోయే రక్తాన్ని తట్టుకోలేదు. అయోడిన్ లోపిస్తే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మంది రక్తహీనులే. ఆంధ్రప్రదేశ్‌లోనూ సగానికి పైగా ఇదే స్థితి.

ఈ విషయంలో చరిత్ర మనల్ని సిగ్గుపడేలా చేస్తుంది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి గర్భిణుల రక్తహీనతను పరిశోధించారు. అందరికంటే నాసిరకం తిండి తింటూ, అందరికంటే ఎక్కువగా ఈ జబ్బుకు గురవుతున్నది పేద ముస్లిం స్త్రీలేనని ఆమె గమనించారు. ఈస్టు సారంతో ఆ జబ్బు నయమవుతుందని 1931లో ప్రకటించారు. అందులోని పదార్థమే తర్వాత ఫోలిక్ యాసిడ్‌గా తేలింది. దాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు. మన స్త్రీల బాధ నుంచి మొదలై, ఒక తెలుగువాని కృషితో పూర్తయిన ఈ మందు నేడు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. దాన్ని అటక మీద పడేయడం కృతఘ్నత కాదా?

వింజమూరు, ఉదయగిరి మెట్ట ప్రాంతం. వాన పడితేనే పంట. ఇక్కడ నిండు నెలల్లో కూడా కూలికి వెళ్ళే స్త్రీలున్నారు. ఉదయగిరి చెక్క గరిటెలకు పేరు తెచ్చిందీ స్త్రీల చేతులే. ఇంత శ్రమ చేసే ఒంటికి మిగిలిన మెతుకులు చాలవు. రాగి సంగటి, సజ్జ రొట్టె, తోటకూర, మునగాకు, పప్పు, గుడ్డు, వీలైనప్పుడు మాంసం ఆమెకు ముందుగా పెట్టాలి. కూరలో నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. అంగన్‌వాడీలో గర్భిణి పేరున ఇచ్చే పాలు, గుడ్లు ఆమె అమానతు. వాటిని ఇంటిల్లిపాదీ పంచుకోవడం అమానతులో ద్రోహమే.

‘అల్లాహ్ ఉన్నాడు, మాత్రలెందుకు?’ అనేవారున్నారు. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమని నేర్పినవారు దైవప్రవక్త (స). వైద్యం చేయించుకోమని ఆదేశించినవారూ ఆయనే. మాత్రల వల్ల బిడ్డ నల్లగా పుడుతుందనేది వట్టి అపోహ. బిడ్డ వెన్నుపాము గొట్టం మొదటి 28 రోజుల్లోనే మూసుకుంటుంది గనుక, గర్భం కోరుకునే స్త్రీ ముందునుంచే ఫోలిక్ యాసిడ్ వాడాలి. నాలుగో నెల నుంచి ఎర్రని ఐరన్ మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలి. కాల్షియం మాత్ర వేరే వేళలో వేసుకోవాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి.

రమజాన్‌లో తనకో బిడ్డకో హాని జరుగుతుందన్న భయముంటే రోజా వాయిదా వేసుకునే అనుమతి గర్భిణికి ఉంది. హనఫీ మజ్‌హబ్‌లో తర్వాత ఖజా పాటిస్తే చాలు. బిడ్డ కోసమే భయపడి మానితే ఖజాతో పాటు ఫిద్యా కూడా ఇవ్వాలన్నది షాఫయీ అభిప్రాయం. అల్లాహ్ ఇచ్చిన సడలింపును అత్తగారో, ఇరుగుపొరుగో అవమానంగా మార్చరాదు.

సోదరులారా! తలాఖ్ పొందిన భార్య గర్భిణి అయితే, కాన్పు అయ్యేదాకా ఆమె ఖర్చు భరించాలని ఖుర్ఆన్ (65:6) ఆదేశిస్తోంది. విడిపోయిన స్త్రీకే ఈ హక్కు ఉంటే, మీ ఇంట్లో మీ బిడ్డను మోస్తున్న ఇల్లాలి మాటేమిటి? తన పోషణలో ఉన్నవారిని నిర్లక్ష్యం చేసేవాణ్ణి దైవప్రవక్త (స) పాపిగా హెచ్చరించారు. ఈ పూటే ఆమెకు మొదట వడ్డించండి. అది దయ కాదు, బాకీ తీర్చడం.

హక్కుదారులకు వారి హక్కును చెల్లించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.