బాగుంది అన్నాక ఇంకో మాట

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే, కుర్రవాడైన దామెర్ల రామారావు బొమ్మలు చూసి మెచ్చుకుని ఊరుకోలేదు. బొంబాయి జె.జె. స్కూల్లో చిత్రకళ నేర్చుకునే దారి చూపారు. 1925లో, 28వ ఏటనే కన్నుమూసినా, దామెర్ల గీసిన గోదావరి దృశ్యాలు నేటికీ నిలిచే ఉన్నాయి.

ఇవాళ అదే రాజమండ్రిలో, గోదావరి పుష్కర ఘాట్ దగ్గర ఓ కుర్రాడు ఆర్చి వంతెన ఫొటో తీసి చూపిస్తే, "సూపర్" అనేసి ఫోన్ తిరిగిచ్చేయకండి. ఒక్క నిమిషం నిదానంగా చూడండి. "నీళ్ల మీద ఎరుపు బాగా పట్టావు బాబూ. అవతలి గట్టు మాత్రం ఎడమకు ఒరిగింది. పడవ సగానికి తెగింది, పూర్తిగా ఫ్రేములోకి వచ్చేదాకా ఆగాల్సింది" అనండి.

ఎవరు తమ పని చూపించినా నచ్చినదొకటి, మార్చుకోవలసినదొకటి చెబుదాం. ఎదిగే పిల్లలకు మనం చేయగల సాయం అది.