జక్కయ్య లెక్క

చిరంజీవి చిన్నోడికి,

ప్రభువు నామంలో అమ్మమ్మ దీవెనలు. మోకాళ్ళ సంగతి మొదలుపెడితే ఉత్తరం దానికే సరిపోతుంది, వదిలెయ్.

ఉజ్జీవ సభల్లో నువ్వు చెప్పిన సాక్ష్యం వీడియో మీ అమ్మ పంపితే అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చూసింది. మాట ధారాళంగా వస్తోంది నీకు, మీ తాత పోలికే. ధర్మశాస్త్రంతో పనైపోయింది, ఇక నీది కృప కింద బతుకని నువ్వు అనగానే కీబోర్డు కుర్రాడు గట్టిగా వాయించాడు, జనం హల్లెలూయ అన్నారు. ఆ మాట పౌలుదే, రోమా పత్రిక ఆరో అధ్యాయం పద్నాలుగో వచనంలో ఉంది. అదే అధ్యాయం మొదటి వచనంలో ఆయనే ఒక ప్రశ్న వేసుకున్నాడు: కృప ఇంకా పెరగడం కోసం పాపం చేస్తూ పోదామా అని. వేసుకున్న మరుక్షణం తనే తోసిపారేశాడు. పోయిన ఈస్టరుకి వచ్చినప్పుడు నీ బైబిలు టేబుల్ మీద వదిలేసి పడుకున్నావు. పద్నాలుగో వచనం కింద పచ్చగీత ఉంది. మొదటి వచనం కింద ఏ గీతా లేదు.

నీకంటే ముందు ఈ దారిన పోయినవాళ్ళున్నారు. జర్మనీలో లూథరు శిష్యుడు, స్నేహితుడు యోహాను అగ్రికోలా 1530ల చివర్లో ఇదే వాదించాడు. పది ఆజ్ఞలు కచేరీలో ఉంటే చాలు, ప్రసంగపీఠం మీద అక్కర్లేదన్నాడు. కృప మాట చెవిన పడితే మనిషి తనంతట తానే మారతాడని ఆయన ఉద్దేశం. మఠంలో ఉపవాసాలతో, గంటల తరబడి ఒప్పుకోళ్ళతో ఒళ్ళు హూనం చేసుకుని, చివరికి కృప దగ్గర ఊపిరి పీల్చుకున్నవాడు లూథరు. అగ్రికోలా మీద మండిపడింది కూడా ఆయనే. బహిరంగ చర్చలు పెట్టి మరీ ఖండించాడు. 1540లో అగ్రికోలా విట్టెన్‌బర్గు వదిలి బెర్లిన్ వెళ్ళిపోయాడు. 1529లో లూథరు రాసిన చిన్న ప్రశ్నోత్తరి తెరిస్తే ముందు పది ఆజ్ఞలు, తర్వాత విశ్వాస ప్రమాణం, ఆ తర్వాత ప్రభువు ప్రార్థన. ధర్మశాస్త్రం కాటా లాంటిది: బరువెంతో చెబుతుంది, మోసిపెట్టదు. మోయడం లేదని కాటాను విసిరేస్తే బరువేమీ తగ్గదు కదరా.

సభ చివర మీరంతా చేతులెత్తి 'అమేజింగ్ గ్రేస్' పాడారు. అది రాసిన జాన్ న్యూటన్ కథను మన ప్రసంగీకులు సగమే చెబుతారు. 1748 మార్చిలో అట్లాంటిక్‌లో తుఫాను, మునగబోతున్న ఓడ, ప్రార్థన, మారుమనస్సు. అక్కడికి ఆపేసి పాట ఎత్తుకుంటారు. మిగతా సగం ఏంటంటే, ఆ తుఫాను నుంచి బయటపడ్డాక ఆయన వెళ్ళి బానిసల ఓడలే ఎక్కాడు. 1750 నుంచి 1754 దాకా మూడుసార్లు కెప్టెన్‌గా ఆఫ్రికా మనుషుల్ని గొలుసులు వేసి తోలుకెళ్ళాడు. ఆదివారం నావికులను కూర్చోబెట్టి ఆరాధన జరిపించేవాడు, ఆ చెక్కల కిందే బానిసలు. మానేసింది కూడా మనసు కరిగి కాదు, జబ్బు చేసి. 1764లో పాదిరి అయ్యాడు. 1773 జనవరి 1న ఓల్నీ సంఘంలో ఆ పాట మొదటిసారి వినిపించింది. బానిసల వ్యాపారం గురించి నోరు తెరిచి పుస్తకం వేసింది మాత్రం 1788లో. ఈ ఒప్పుకోలు ఆలస్యమైందని తనే రాసుకున్నాడు. ఆ తర్వాత ఊరుకోలేదు. పార్లమెంటు కమిటీ ముందు నిలబడి చూసిందంతా చెప్పాడు. అదీ సాక్ష్యమే, కీబోర్డు లేదంతే. 1807లో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని చట్టం చేసి ఆపింది, ఆ డిసెంబరులోనే ముసలాయన కన్నుమూశాడు.

అమ్మమ్మకు న్యూటన్ మీద గౌరవం 1748 వల్ల కాదు, 1788 వల్ల. తుఫానులో దేవా అని ఎవడైనా అంటాడు. చేసిన పాడు పనిని పూసగుచ్చినట్టు రాసి, అచ్చేయించి, ఊరందరి చేతుల్లో పెట్టడం వేరు. ఆ నలభై ఏళ్ళూ ఓడల అడుగున పోయినవాళ్ళకు ఆయన ఆలస్యం ఖరీదు ఎవరూ తిరిగివ్వలేదన్నది ఇంకో సంగతి.

అంతదూరం ఎందుకు, మన ఇంటికి సువార్త వచ్చిన దారే చూడు. 1876–78 కరువు నీకు సోషల్ పుస్తకంలో ఒక పేరా. మనవాళ్ళకు అది గంజి. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని వాళ్ళు బతిమాలితే ఏడాదికి పైగా ఇవ్వలేదు, కూటి కోసం కలిశారన్న మాట పడకూడదని. కరువు పనులు ముగిశాక, ఇక ఇచ్చేదేమీ లేదన్నా జనం కదల్లేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం, ఇద్దరేసి బోధకులు వంతులవారీగా నీళ్ళలోకి దిగి. మన పెద్దల్లో ఒకాయన ఆ లెక్కలో ఉన్నాడని అమ్మమ్మ వాళ్ళ నాయన చెప్పేవాడు. రిజిస్టరు ఎవరూ చూడలేదు, నమ్మకం నీ ఇష్టం.

బాప్తిస్మానికి పైసా లేదు. అయితే ఈ దారిలోకి వచ్చినవాళ్ళ ముందు మూడు కట్టడలు ఉండేవి: విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డును తినకూడదు. ఇప్పుడు వింటే చిన్న విషయాల్లా ఉంటాయి. ఆనాటి మాదిగపల్లెలో చచ్చిన గొడ్డంటే తోలుపనికి ఊరిచ్చే ప్రతిఫలంలో భాగం. ఆదివారం పొలానికి రానంటే ఆసామి ఊరుకునేవాడా? ఆ కట్టడలు కృపకు కట్టిన వెల మాత్రం కాదు. వెల అయితే కరువులో, గంజి చేతిలో ఉన్నప్పుడే వసూలు చేసుకునేవాళ్ళు.

ఇప్పుడు మీ అమ్మకు కూడా సగమే తెలిసిన సంగతి.

వేటపాలెం ఇంట్లో ఫోటోలో కోటు వేసుకుని నిలబడ్డాయన ఉన్నాడే, మీ అమ్మావాళ్ళు చిన్నతాత అని పిలిచేవాళ్ళు, ఆయన అమ్మమ్మకు చిన్నాయన. మనిషి మంచివాడు. అమ్మమ్మకు టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చిన ఏడాది, వాళ్ళ నాయన వేరుశనగ అమ్మిన డబ్బుకు గేదెను అమ్మిన డబ్బు కలిపి, ఫీజు కట్టి రమ్మని తమ్ముడి చేతిలో పెట్టాడు. తమ్ముడు దాన్ని పొగాకులో పెట్టాడు, నెల తిరిగేలోగా రెట్టింపు చేసి కడదామని. ధర పడిపోయింది. ఆదివారం ఆరాధనలో ఆయన మోకాళ్ళ మీద పడి ఏడిస్తే నాయన వెళ్ళి తలమీద చెయ్యి పెట్టి, క్షమించాను లేరా తమ్ముడా అన్నాడు. సంఘమంతా కళ్ళు తుడుచుకుంది. పాట అందుకున్నారు. ఆ మధ్యాహ్నం ఇంట్లో కోడిని కూడా కోశారు. హార్మోనియం పక్కన నిలబడ్డ పిల్లను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

సీటు పోయింది. క్రిస్మస్‌కు చిన్నాయన చీరాల చీర ఒకటి తెచ్చి, నాన్నే క్షమించాక ఇంకా ఆ ముఖం ఏంటి తల్లీ అన్నాడు. అమ్మమ్మ ట్రైనింగ్ లేని టీచరుగా తక్కువ జీతానికి చేరింది. ట్రైనింగ్ ఎప్పటికో అయింది. సీనియారిటీ అక్కడి నుంచే, పింఛను లెక్కా అక్కడి నుంచే. చీర బాగానే మన్నింది.

నాయనది పెద్ద మనసే. కానీ ఆయన మాఫీ చేసింది తన బాకీ కాదు, కూతురి బాకీ.

పౌలు అలా చెయ్యలేదు. ఫిలేమోను పత్రిక ఒక్కటే అధ్యాయం, ఇరవై అయిదు వచనాలు, టీ చల్లారేలోపు అయిపోతుంది. ఒనేసిము అనే బానిసను యజమాని దగ్గరికి తిప్పి పంపుతూ, దేవుడు వీణ్ణి క్షమించాడు కాబట్టి నీ నష్టం మర్చిపో అని రాయలేదు పౌలు. వీడేమైనా బాకీ ఉంటే తన పద్దులో రాసుకోమన్నాడు, తానే తీరుస్తానని సొంత చేతిరాతతో రాసిచ్చాడు. అప్పటికి ఆయన జైల్లో ఉన్న ముసలాయన, చేతిలో ఏమున్నదో ఏమో. పరాయి సొమ్మును పరలోకం పేరు చెప్పి కొట్టెయ్యలేదు, చూశావా.

పన్నులు వసూలు చేసే జక్కయ్య అనగానే సండే స్కూల్లో మేడిచెట్టు పాటకు చేతులూపిస్తారు, లెక్క చెప్పరు. సంఖ్యాకాండం అయిదో అధ్యాయం ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు అయిదో వంతు కలిపి, నష్టపోయినవాడికే ఇవ్వాలి. అంటే నూటికి నూట ఇరవై. గొర్రెను దొంగిలించి కోసుకున్నా అమ్ముకున్నా నాలుగింతలు, ఎద్దయితే అయిదింతలు, అది నిర్గమకాండం ఇరవై రెండులో. జక్కయ్య తనంతట తానే నోరు విప్పాడు, నూట ఇరవైతో బయటపడొచ్చు. ఆస్తిలో సగం బీదలకిచ్చి, ఆపైన అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. యేసు అడిగాడా అంటే, లేదు. ఊరంతా సణుగుతున్నా ముందు ఆ ఇంటికి బసకు వెళ్ళాడు. వెళ్ళాకే జక్కయ్య లేచి నిలబడి ఆ మాట అన్నాడు. కృప ముందే వచ్చింది, నిజమే. అది వచ్చాక ఆయన చెప్పిన లెక్క ధర్మశాస్త్రం అడిగినదాని కంటే పెద్దదైంది.

ఇప్పుడు ఆ లెక్కలు ఎవరికి కావాలి? వీసా వచ్చిందని సాక్ష్యం, కారు కొన్నానని సాక్ష్యం, స్థలం రిజిస్ట్రేషన్ అయిందని సాక్ష్యం. ఫలానావాడికి ఎగ్గొట్టిన డబ్బు వడ్డీతో ఇచ్చి వచ్చానని మైకులో చెప్పినవాణ్ణి అమ్మమ్మ ఇంతవరకు చూడలేదు. ప్రార్థనకు కళ్ళు మూసుకునే ముందు ఛానెల్ సబ్‌స్క్రైబ్ చెయ్యమంటున్నారు. 1937లో బోన్‌హోఫర్ అనే జర్మన్ పాస్టరు దీన్నే చవకబారు కృప అన్నాడు. ఆయన మాత్రం చవకగా బయటపడలేదు, 1945 ఏప్రిల్ 9న హిట్లర్ మనుషులు ఉరితీశారు.

సరే, పనిలోకి వద్దాం.

మీ అక్క గాజులు. తాకట్టు పెట్టింది నువ్వు, ఆ డబ్బు ట్రేడింగ్ యాప్‌లో పోగొట్టింది నువ్వు. అక్క ఫోన్లో ఏడుస్తుంటే, దేవుడే నన్ను క్షమించాడు, నువ్వు క్షమించకపోతే పాపం నీకే అన్నావట. ఆ మాట ఇంకోసారి నీ నోట వినపడకూడదు.

ఈ శనివారం తాకట్టు ఆఫీసుకు వెళ్ళు. వేలం నోటీసు ఇచ్చారా, ఆఖరి తారీఖు ఎప్పుడు అన్నది కాగితం మీద రాయించుకో, నోటిమాట వద్దు. వడ్డీ కడితే వేలం ఆపుతారేమో అడుగు. ఆ వడ్డీ ఈ ఒక్కసారికి అమ్మమ్మ పింఛనులోంచి పంపుతుంది, పౌలును అంతసేపు పొగిడి చేతులు ముడుచుకుంటే బాగుండదు. అసలు నీది. బండి అమ్మెయ్. బస్సు ఎక్కితే ఉద్యోగం ఊడదు. మిగతాది జీతం పడ్డ రోజే నేరుగా అక్క ఖాతాలో వెయ్యి. మీ అమ్మ చేతికివ్వకు, జాలిపడి నీకే తిరిగిస్తుంది. బావకు ఇంకొకరు చెప్పేలోపు నువ్వే వెళ్ళి చెప్పు, ఫోన్లో కాదు. తిడతాడు. కూర్చుని విను, మధ్యలో వాక్యం ఎత్తకు.

దశమభాగం అంటావేమో. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి, ముందు నీ సహోదరుడితో సమాధానపడి రమ్మన్నది యేసే, కొండమీది ప్రసంగంలో. గాజులు విడిపించేదాకా ఆ డబ్బు కూడా ఇటే. పాస్టరు గారు అడిగితే అమ్మమ్మ చెప్పిందని చెప్పు, ఆయన అమ్మమ్మ దగ్గరే అఆలు దిద్దాడు. మళ్ళీ సాక్ష్యానికి పిలిస్తే ఇప్పుడు కాదండీ అను.

అక్క క్షమిస్తుందో లేదో అది అక్క ఇష్టం. అడగొద్దు, తొందరపెట్టొద్దు. గాజులు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చీరలు గీరలు పట్టుకెళ్ళకు.

ఈ వచ్చేది రెండో శనివారం, ఆఫీసు ఉంటుందో ఉండదో, శుక్రవారమే ఫోన్ చేసి కనుక్కో. ఆధార్ కార్డు, తాకట్టు రసీదు రెండూ తీసుకెళ్ళు. వడ్డీ ఎంత చెప్పారో సాయంత్రానికి అమ్మమ్మకు మెసేజ్ పెట్టు, సోమవారం బ్యాంకు తెరవగానే వేయిస్తుంది.

ఇట్లు,
మీ అమ్మమ్మ