పంచదార డబ్బా తాళంచెవి

షుగరు జబ్బు ఇంట్లో ఒక్కరికే వస్తుంది. పథ్యం మాత్రం ఇంటిల్లిపాదికీ వస్తుంది. ఆ ఒక్కరూ మగవారైతే ఆ మర్నాటినుంచే వంటింట్లో రాజ్యం మారిపోతుంది. బంగాళాదుంప పదవి దిగుతుంది, కాకరకాయ గద్దె ఎక్కుతుంది. మెంతులు రాత్రే నానిపోతాయి. పంచదార డబ్బా పై అరలోకీ, అక్కణ్ణించి బీరువాలోకీ ప్రయాణం చేస్తుంది. దానికో తాళంచెవి పుట్టుకొస్తుంది. ఆ తాళంచెవి ఎవరి బొడ్లో ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మందుల సంగతి డాక్టర్లు చెబుతారు. తిండి సంగతి దారిన పోయేవాళ్ళంతా చెబుతారు. ఈ తాళంచెవి సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఒక మనిషి బాగు కోరి ఆ మనిషి నోటికి తాళం వేసే హక్కు ఇంకొకరికి ఉందా? కట్టుకున్న భార్య అయినా సరే, కన్నకొడుకైనా సరే. "ప్రేమ కొద్దీ చేస్తున్నాను" అంటే సరిపోతుందా? 2023లో భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. ఇంచుమించు అన్ని తాళంచెవులూ ఉండి ఉంటాయి. ఇంత పెద్ద ప్రశ్నని వంటింటి వ్యవహారం అని కొట్టిపారెయ్యడం నాకు బాగా లేదు.

ఇన్సులిన్ లేని రోజుల్లో ఈ కాపలా ఎంత భయంకరంగా ఉండేదో వింటే మన తాళంచెవులు ఆటవస్తువుల్లా కనిపిస్తాయి. అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అనే డాక్టరు ఉండేవారు. తిండి బాగా తగ్గించేస్తే రోగి ఇంకొంతకాలం బతుకుతాడని ఆయన చూపించారు. నిజమే, బతికేవారు. ఎముకల గూళ్ళలా బతికేవారు. ఆయనా, ఆయన తోటి డాక్టర్లూ 1919లో వేసిన పుస్తకంలో ఒక పన్నెండేళ్ళ కుర్రాడి సంగతి ఉంది. జబ్బువల్ల చూపు కూడా పోయింది వాడికి. ఆస్పత్రి గదిలో కాపలాలో ఉన్నాడు. అయినా మూత్రంలో చక్కెర కనిపిస్తూనే ఉంది. ఎక్కణ్ణించి తింటున్నాడురా అని ఆరా తీస్తే, పళ్ళు తోముకునే పేస్టూ, పంజరంలో పిట్టకి వేసే గింజలూ తింటున్నాడు. ఆ పిట్టని తనే అడిగి తెప్పించుకున్నాట్ట! చదివిన రోజున నాకు అన్నం సయించలేదు.

ఇంకో పిల్ల ఉంది, ఎలిజబెత్. అమెరికా విదేశాంగ మంత్రి ఛార్లెస్ ఇవాన్స్ హ్యూస్ గారమ్మాయి. మంత్రిగారి కూతురైతే మాత్రం, 1922 ఆగస్టులో టొరంటోలో బాంటింగ్ గారి దగ్గరికి చేరేసరికి పదిహేనేళ్ళ పిల్ల ఇరవై కిలోల బరువుంది. వెంట ఒక నర్సు ఉండి ప్రతి ముద్దా తూచి పెట్టేది. బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ కనిపెట్టింది అంతకు ముందు ఏడే, 1921లో. ఇన్సులిన్ పడ్డాక ఆ పిల్ల తేరుకుంది, చదువుకుంది, పెళ్ళి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కంది. 1981 దాకా బతికింది. అన్నేళ్ళూ తనకి ఈ జబ్బు ఉందని బయట ఎవరికీ తెలియకుండా జాగ్రత్తపడిందట. ఎందుకో ఆవిడ చెప్పలేదు గానీ, నా ఊహ ఇదీ: చిన్నతనమంతా తన కంచంలోకి ఎవరో ఒకరు తొంగిచూస్తూ ఉంటే, పెద్దయ్యాక ఇంకెవర్నీ చూడనివ్వాలనిపించదు.

ఆ నర్సుని నేను తప్పుపట్టను. ఆ రోజుల్లో కాపలాయే మందు. ఇంకోటి లేదు కనక. ఇప్పుడు మెట్‌ఫార్మిన్ ఉంది, రకరకాల మాత్రలు ఉన్నాయి, పెన్నులో ఇన్సులిన్ వస్తోంది, ఇంట్లోనే చుక్క రక్తంతో చూసుకునే మీటరు ఉంది. మనం మాత్రం ఇంకా 1919లోనే ఉన్నట్టు కాపలా కాస్తున్నాం.

కాపలా వల్ల నష్టమేమిటి, నాలుగు మాటలు పడినా ఆరోగ్యం దక్కుతుంది కదా అంటారేమో. అక్కడికే వస్తున్నాను. మా ఎదురింటి బాబాయిగారికి డెబ్భై దాటాయి. పిన్నిగారు గట్టి మనిషి. ఇంట్లో తీపి అన్నది కనిపించదు. బాబాయిగారు సాయంత్రం షికారుకి వెళ్ళి, మలుపు తిరగ్గానే జిలేబీ తిని, మూతి తుడుచుకుని వచ్చేవారు. మూడునెలల సగటు చెప్పే రక్తపరీక్షలో తొమ్మిది దాటింది. "పథ్యం చేస్తున్నారా?" అన్నాడు డాక్టరు. "నిప్పులా చేయిస్తున్నాను" అంది పిన్నిగారు. బాబాయిగారు నోరు మెదపలేదు. పథ్యం చేసినా ఇంత ఉందంటే మందు చాలడం లేదనుకుని డాక్టరు గ్లిమిపిరైడ్ మోతాదు పెంచాడు. ఆయన లెక్క ఆయనకి సరైనదే.

తర్వాత ఆయన కూతురింటికి వెళ్ళారు. అక్కడ షికారూ లేదు, జిలేబీ లేదు. మాత్ర మాత్రం పెంచినదే. మూడోనాడు పొద్దున్న మాత్ర వేసుకుని, టిఫిను ఆలస్యమై, పదకొండింటికి చెమటలు పట్టేసి, చేతులు వణుకుతూ, సొంత మనవణ్ణి పట్టుకుని "ఎవరు నువ్వు?" అన్నారట. పెద్దాయనకి కోపం వచ్చిందనుకున్నారు వాళ్ళు. మీటరు పెట్టి చూస్తే 48! 70 కంటే తగ్గితేనే ప్రమాదం అంటారు. పంచదార నీళ్ళు పట్టించి, పావుగంట ఆగి మళ్ళీ చూసి, అన్నం పెట్టాక మనిషి మనిషయ్యారు.

తప్పెవరిది? మాత్రదా, జిలేబీదా? నన్నడిగితే తాళంచెవిది. కాపలా ఎక్కువైతే దొంగతనం పుడుతుంది. దొంగతనం పుడితే నిజం చచ్చిపోతుంది. ఈ జబ్బులో డాక్టరు మందు కొలిచేది నిజం మీదే. ఇంట్లో భయపడి అబద్ధమాడిన మనిషికి సరైన మోతాదు ఎవరు ఇవ్వగలరు చెప్పండి?

ఇంకో చోద్యం చూశారా! షుగరు పడిపోయినప్పుడు కావలసింది మూడు చెంచాల పంచదారో, గ్లూకోజు పొడో. అదీ నిమిషాల మీద. అప్పుడు బీరువా తాళం వెతుక్కుంటూ కూర్చుంటే? (వోగ్లిబోస్ లాంటి మాత్ర వాడేవాళ్ళకి పంచదార త్వరగా పనిచెయ్యదు, గ్లూకోజే పెట్టుకోవాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఆస్పత్రికి పరుగెత్తాలి. ఇది మాత్రం గోడమీద రాసిపెట్టుకోండి.)

గట్టిగా పట్టుకున్నకొద్దీ మంచిదే అన్న నమ్మకం మన ఆడవాళ్ళకే కాదు, పెద్దపెద్ద డాక్టర్లకీ ఉండేది. అమెరికా, కెనడాల్లో పదివేల మంది మీద ఒక పెద్ద పరిశోధన చేశారు. వాళ్ళంతా చాలాకాలంగా షుగరు ఉండి, గుండెజబ్బు భయం కూడా ఉన్నవాళ్ళు. సగం మందికి మందులు బాగా పెంచి ఆ మూడునెలల లెక్కని ఆరు కంటే కిందికి దించాలని చూశారు. మిగతా సగానికి ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఉంటే చాలన్నారు. 2008లో ఆ గట్టి వైద్యాన్ని మధ్యలోనే ఆపేశారు, ఆ పక్కనే చావులు ఎక్కువయ్యాయి కనక. అప్పటినుంచీ ముసలివాళ్ళ విషయంలో, అందులోనూ ఇంకో నాలుగు జబ్బులున్నవాళ్ళ విషయంలో, డాక్టర్లు ఎనిమిది దాకా ఉన్నా సరే అంటున్నారు. పడిపోకుండా ఉండటం ముఖ్యం అని. సైన్సు పట్టు సడలించింది. మన బొడ్లో తాళంచెవి మాత్రం సడల్లేదు.

అలా అని "నా ఒళ్ళు నా ఇష్టం" అనే మగవాళ్ళతో నేను ఏకీభవిస్తానని అనుకోకండి. అది ఇంకా పెద్ద అబద్ధం. షుగరులో పాదాలకి స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వేణ్ణీళ్ళు కాల్చినా తెలియదు. పుండు పడి, మానక, వేలు తీసేశారనుకోండి. ఆయన్ని లేవదీసేదెవరు? కట్టు మార్చేదెవరు? రాత్రి బాత్రూముకి నడిపించేదెవరు? ఆ కాలు ఆయనది ఒక్కరిదే ఎలా అవుతుంది? ఒక ఒంటికి చాకిరీ చేసే చేతులకి ఆ ఒంటి గురించి మాట్లాడే హక్కు ఉండి తీరాలి. "మీరు ఇలా తింటే రేపు నేను ఇదంతా చెయ్యాలి, నావల్ల కాదు" అని మొహం మీద చెప్పే హక్కు. అడిగే హక్కు, పోట్లాడే హక్కు, అలిగే హక్కు కూడానూ. మోసం చేసే హక్కు మాత్రం లేదనుకుంటాను.

మోసం అంటే తెలియక కాదు. ఒకావిడ మాత్ర పొడిచేసి పప్పులో కలిపేది. ఆయనకి తెలిసిపోయింది. ఆపైన ఆవిడ చేతి అన్నం ముట్టుకోవడానికే అనుమానపడేవాడు. మాత్ర వేసుకోకపోతే షుగరు పెరుగుతుంది, వేసుకుని అన్నం మానేస్తే పడిపోతుంది. నమ్మకం పోయిన ఇంట్లో ఏ మందూ పనిచెయ్యదు. మతిమరుపు ముదిరి, తిన్నదీ తిననిదీ గుర్తులేనివాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి డబ్బాకే కాదు, మాత్రల పెట్టెకీ తాళం వెయ్యాల్సిందే, లేకపోతే ఒకే మాత్ర రెండుసార్లు మింగేస్తారు. తెలివిగా ఉన్న మనిషిని ఆ లెక్కలో కట్టెయ్యడమే అన్యాయం.

మా అత్తయ్యగారికి డెబ్భై తొమ్మిది. ఇన్సులిన్ నేనే ఇస్తాను. బొడ్డు చుట్టూ రోజుకో చోట మార్చి మార్చి ఇవ్వాలి, ఒకేచోట ఇస్తే గడ్డ కడుతుంది. మందు ఫ్రిజ్జులో పెట్టాలి గాని గడ్డకట్టే అరలో కాదు. 40 యూనిట్ల సీసాకి ఎర్రమూత సిరంజీ, 100 యూనిట్లదానికి నారింజరంగు మూతది. అది ఇందులోకీ ఇది అందులోకీ మారితే మోతాదు రెండున్నర రెట్లు అటో ఇటో అయిపోతుంది. నర్సమ్మ నేర్పిన చదువు ఇది. బి.ఏ. కంటే ఎక్కువ పనికొచ్చింది.

ఉగాదినాడు ఆవిడ నన్ను పిలిచి, "అమ్మాయ్, ఒక్క బొబ్బట్టు తింటే ఎంత పెరుగుతుందంటావ్?" అన్నారు. మావారు లోపల్నించే కేకేశారు, "అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకే!" అని. ఆవిడ అడిగింది బొబ్బట్టు కాదండీ, లెక్క. ఇద్దరం కూచుని లెక్క వేశాం. సగం బొబ్బట్టు, ఆ పూట అన్నం ఒక గరిటె తక్కువ, రెండుగంటలయ్యాక మీటరు. ఎంత వచ్చిందో ఆవిడే పుస్తకంలో రాశారు. కొంచెం ఎక్కువే వచ్చింది. "ఈ మాత్రానికి ఇంత రాద్ధాంతమా!" అని నవ్వారు. దసరాకి ఏం అడుగుతారో చూడాలి.

ఇంతసేపూ తాళంచెవి ఉన్నవాళ్ళ గురించి మాట్లాడాను. అసలు తాళంచెవి మోసే ఆవిడకే షుగరు వస్తే? ఆవిడకి ఎవరూ డబ్బా దాచరు. కాకరకాయ ఎవరూ వండరు. వండాలంటే ఆవిడే వండుకోవాలి గదా, ఒక్కదానికోసం వేరే కూరెందుకు అని ఊరుకుంటుంది. టిఫినుకి ముందు వేసుకోవలసిన మాత్ర ఎనిమిదింటికి అందరితోబాటు వేసేసుకుని, పిల్లల డబ్బాలూ ఆయన టిఫినూ పూజా అన్నీ అయ్యి పదిన్నరకి నోట్లో ముద్ద పెట్టుకుంటుంది. మధ్యలో కళ్ళు తిరిగితే "నీరసం" అనుకుంటుంది. కార్తీక సోమవారం మాత్ర మింగి చుక్క కనపడేదాకా ఉపవాసం ఉంటుంది. దేవుడు ఏమీ అనడు గానీ గ్లిమిపిరైడ్ ఊరుకోదు. ఉపవాసం రోజున మాత్రలేం చెయ్యాలో ముందే డాక్టర్ని అడగాలని ఆవిడకి ఎవరూ చెప్పరు. రాత్రి మిగిలిన అన్నం పారెయ్యలేక తింటుంది. దానిమీద కూడా ఎవరి కాపలా లేదు. దీన్ని స్వేచ్ఛ అనుకుందామా?

మా తోటికోడలు అక్కయ్య తొమ్మిదేళ్ళుగా బావగారి వేలు గుచ్చి షుగరు చూస్తోంది. పుస్తకం వరసలు వరసలుగా నిండిపోయింది. మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నీళ్ళు తెగ తాగుతోంది, రాత్రి నాలుగుసార్లు లేచింది. "నీది ఎప్పుడైనా చూసుకున్నావా అక్కయ్యా?" అన్నాను. "ఆ పట్టీలు ఊరికే వస్తాయటే! అయినా నాది చూసుకుని ఎవరికి చెప్పను?" అంది. నేనే పట్టీ పెట్టి చూశాను. భోజనమై రెండుగంటలైంది, 214. మీటరు లెక్క ఒక్కటే చాలదు, లాబులో రక్తం ఇవ్వాలి. సోమవారం వెళ్తున్నాం. బావగారు కూడా వస్తానన్నారు. రమ్మన్నాను. పుస్తకంలో ఆవిడ పేజీ రాసే పని ఎవరో ఒకరు నేర్చుకోవాలిగా.