బోయజు విడిచిన పనలు



2016వ సంవత్సరములో కేరళలోని కొచ్చి పట్టణమందు పప్పడవడ అను హోటలు యజమానురాలు హోటలు బయట వీధిలో ఒక పెద్ద ఫ్రిజ్ పెట్టించెను. దానికి తాళము ఉండలేదు. హోటలువారు భోజనపు పొట్లములు అందులో ఉంచిరి. ఇరుగుపొరుగువారు కూడా ఉంచగలిగిరి. ఆకలిగొన్నవారు రాత్రియైనను పగలైనను వచ్చి తీసికొనగలిగిరి. నీదే ఊరు, నీదే కులము అని అడుగువారు అక్కడ లేకపోయిరి. చెత్తకుండీలో అన్నము వెదకుచున్న ఒక స్త్రీని చూచి ఆమె ఈ పనికి పూనుకొనెనని అప్పటి పత్రికలు తెలిపినవి.

హోటలులో మిగిలినది పంచుట కూడా మంచిదే. 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్ హుడ్ ఆర్మీ యువకులు హోటళ్లలో మిగిలిన ఆహారము సేకరించి పేదలకు పంచుచు, డబ్బు మాత్రము ఎవరియొద్దను పుచ్చుకొనరు. అయితే లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు కోరినది మిగిలినది కాదు. పొలము అంచు కోయకముందే బీదలకును పరదేశులకును విడువవలెను. బోయజు ఇంకొక అడుగు ముందుకు వేసెను. రూతు కొరకు పనలలోనుండి కొన్ని జారవిడువుమని పనివారితో చెప్పెను. తాను ఏరుకొన్నది తన కష్టఫలమనియే ఆమె ఇంటికి మోసికొనిపోయెను! ఆమె మోయాబునుండి వచ్చిన పరదేశి.

మనమెవరము? బళ్లారి కంటోన్మెంట్‌లో మనలో కొందరు పొట్ట చేతపట్టుకొని వచ్చినవారి సంతానము. మరికొందరి పెద్దలు కదలకుండనే 1953లో సరిహద్దుకు ఇవతల ఉండిపోయిరి. ఎవరో విడిచిన పనలు ఏరుకొననివారము మనలో ఎందరము?

1876-78 కరవులో ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టు తీసికొని వేలమందికి పని కల్పించిరి. కరవు సహాయము జరిగినంత కాలము బాప్తిస్మములు నిలిపివేసిరి, అన్నము కొరకు ఎవరును రాకూడదని. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనము ప్రతి జూబిలీలోను చెప్పుకొందుము. ఆ నిలిపిన నెలల సంగతి అంతగా చెప్పుకొనము.

ఇప్పుడు మనము పది దుప్పట్లు పంచినను వెనుక బ్యానరు కావలెను, ఫోటో కావలెను. దుప్పటి పట్టుకొన్న ముసలమ్మ కెమెరా వైపు తిరుగువరకు దానిని వదలము. ఆ ఫోటో ఆమె మనుమడు చూచిన యెడల ఏమనుకొనును?

రాబోవు కోతపండుగలో ఇచ్చినవారి పేర్లు మైకులో చదువకుండ, బియ్యము బస్తాలను చీకటి పడిన తరువాత ఇండ్లకు చేర్చవచ్చునేమో పెద్దలు కూర్చుండి ఆలోచింపవలెనని కోరుచున్నాము.