పటంలో లేని నేతగాడు

వలసపాలన నాటి సముద్రవ్యాపారాన్ని బల్లమీద ఆటగా మలిచేవారు ముందుగా గీసేది పటం. పటం గీయడమంటే ఒక పక్షం వహించడమే.

మన తీరాన్నే తీసుకుందాం. భీమునిపట్నంలో డచ్చివారు, విశాఖలో ఇంగ్లీషువారు గిడ్డంగులు కట్టారు. 1825లో భీమునిపట్నం కూడా ఇంగ్లీషువారి పరమైంది. ఆటపటంలో ఈ రేవులుంటాయి, ఓడలుంటాయి, బట్టల మూటలుంటాయి. పొందూరు, పాతపట్నం వంటి లోపలి ఊళ్ళుండవు. కంపెనీ బయానాకు కట్టుబడి మగ్గం ముందు కూర్చున్న నేతగాడు అసలే ఉండడు. సరుకు రేవులో దానంతటదే పుట్టినట్టుంటుంది! 2002లో జర్మనీలో వెలువడిన ‘ప్యూర్టోరికో’ ఆటలో తోటల్లో పనిచేసేవారు గోధుమరంగు బిళ్ళలు; వారి పేరు ‘వలసదారులు’. బానిసలన్న మాటే లేదు.

ఆట ఆటే కదా, చదరంగంలో చచ్చిన బంటుకోసం ఎవరేడుస్తారు అనవచ్చు. నిజమే. కాని చదరంగపు గడికి ఊరిపేరు లేదు. ఊరిపేరు పెట్టిన క్షణాన పటం చరిత్ర చెబుతున్నట్టే. చెప్పినదానికి జవాబుదారీ అయినట్టే.

అలాగని ఇలాంటి ఆటలే వద్దనడం పరిష్కారం కాదు. లాభానికి ఎత్తు వేసినవాడికి, ఆ లాభం ఎవరి శ్రమనుంచి వచ్చిందో కనిపించాలి. ఓడ నిండినప్పుడల్లా మగ్గంమీద అప్పు పెరగాలి. బయానా కాదనడానికి, ఊరు విడిచిపోవడానికి నేతగాడికీ ఎత్తు ఉండాలి. అతడికి ఎత్తు లేని పటం కంపెనీవారి చిట్టా మాత్రమే.