శ్రమయు వ్యాయామమును

రోగులకు నడక మంచిదని బోధించువారు తాము నడువవలదా యను ప్రశ్న తఱచుగా వినవచ్చుచున్నది. ప్రశ్న న్యాయమైనదే. మధుమేహము గలవానికి దినమున కరగంట నడువుమని చెప్పు వైద్యుడు తాను కుర్చీ వదలనివాడైనచో, రోగి యా మాటను మందుగా గాక మర్యాదగా గైకొని యింటికి బోవును. తాము వ్యాయామము చేయు వైద్యులే రోగులకు దానినిగూర్చి యెక్కువగా చెప్పుచుందురని పరదేశములలోని పరిశీలనలు తెలుపుచున్నవి. కావున ఆసుపత్రి యుద్యోగులను వ్యాయామమునకు పురికొల్పుట లోకహితమని యొప్పుకొనవలసినదే. అయితే యెవరిని పురికొల్పవలెను? ఎవరి కాలములోనుండి? ఈ రెండు మాటలు విచారింపక చేయు నుపదేశము ఉపకారమని పేరుపెట్టుకొన్న యన్యాయము.

దృష్టాంతమునకు కడపజిల్లాలోని దువ్వూరును గొందము. చాగలమఱ్ఱికిని మైదుకూరునకును నడుమ కర్నూలు రహదారిమీద, కర్నూలు-కడప కాలువ నీటితో వరియు పసుపును పండు మండలమది. అట్టి మండలమునందలి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో పనిచేయువారిని జూడుడు. చీటీలు వ్రాయు వైద్యుడును, లెక్కలు చూచు గుమాస్తాయును, సూక్ష్మదర్శినిపై వంగియుండు పరీక్షకుడును ఒక తెగ; వీరి శరీరము కదలక చెడుచున్నది. కాన్పుగదిలో రాత్రియంతయు నిలుచుండు నర్సును, గర్భిణులను మంచముమీది కెక్కించు నాయాయును, నేల కడుగు పారిశుద్ధ్యపు పనికత్తెయును, వైశాఖపు టెండలో ఊరూర తిరుగు ఆశాకార్యకర్తయును మఱియొక తెగ; వీరి శరీరము కదలియే చెడుచున్నది. ‘ఎల్లరును దినమునకు పదివేల యడుగులు నడువవలెను’ అని గోడమీద నొక ప్రకటన అంటించినచో మొదటి తెగవారికి హితమగును. రెండవ తెగవారికది పరిహాసమగును.

పనిలోని కదలిక వ్యాయామము కాదా యని చదువరులడుగవచ్చును. ఒకప్పుడు శాస్త్రజ్ఞులును అగుననియే తలచిరి. లండనులో జెఱ్ఱీ మారిస్ అను వైద్యుడు 1953లో ప్రకటించిన పరిశీలనలో, కూర్చుండి బస్సు నడుపు డ్రైవర్లకంటె మేడబస్సుల మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా నుండెను. ఈ సంగతి ప్రసిద్ధమై, కష్టపడి పనిచేయువారికి వేఱు వ్యాయామమక్కఱలేదను నమ్మకము ప్రబలెను. కాని 2021లో డెన్మార్కునందు హోల్టర్‌మన్ మొదలైనవారు లక్షకుపైగా జనులను పరిశీలించి ప్రకటించిన ఫలితము వేఱు. తీరికవేళ స్వేచ్ఛగా చేయు వ్యాయామము గుండెను కాపాడుచుండగా, జీతమునకై చేయు భారమైన శ్రమ అపాయమును హెచ్చించుచున్నట్లు కనబడెను. బీదల యితర కష్టములు కూడ నీ లెక్కలో కలిసియుండవచ్చునని కొందఱందురు. ఉండవచ్చును. అయినను కారణము మన యూహకందనిది కాదు. ఎనిమిదిగంటలు విడువక నిలుచుట, విశ్రాంతి లేక బరువులెత్తుట, ఆగవలసినప్పు డాగుటకు స్వాతంత్ర్యము లేకుండుట, ఇవి దేహమును పెంచునవి కావు, అరుగదీయునవి.

మన ప్రాచీనవైద్యులు దీని నెఱుగనివారు కారు. బలములో సగముమేరకే వ్యాయామము చేయవలెనని వారు విధించిరి. బరువులు మోసియు, దారి నడచియు, పనులు చేసియు డస్సినవారు వ్యాయామమును మానవలెనని చరకసంహితయందు సూత్రస్థానము సప్తమాధ్యాయములో నున్నది. ఆకలిగొన్నవారిని, దప్పిగొన్నవారిని, గట్టిగా ఎక్కువగా మాటలాడువారిని గూడ అందే చేర్చిరి. (ఈ కడపటివారిలో ఉపన్యాసకులును చేరుదురు కాబోలు!) సగముబలమును పనియే మ్రింగివేసినవానికి మిగిలిన సగమునుండి వ్యాయామమునకు పాలడుగుటకు ముందు, పని యెంత మ్రింగినదో చూడవలదా?

ఇంకొక చిత్రము గలదు. ముప్పదియేండ్లు నిండిన ప్రతివారి యింటికిని ఆశాకార్యకర్త యొక పత్రము గొనిపోయి నింపవలెను. వారమునకు 150 నిమిషములైన శరీరశ్రమ గలదా యను ప్రశ్న అందున్నది. ఆమె యందఱిని అడుగుచున్నది. ఆమెను అదే ప్రశ్న అడిగి, ఆమె నడుము, మోకాళ్లు ఎట్లున్నవో వినువా రరుదు.

శరీరము వారిది, దానితో ఆసుపత్రికేమి జోక్యమని కొందఱు వాదింతురు. ఈ వాదములో సగమే సత్యము. ఆసుపత్రి కొన్నది ఉద్యోగి గంటలను, దేహమును కాదు. కావున అందఱియెదుట తూనికవేసి బరువులు చదువుట, అడుగులు లెక్కించి వెనుకబడినవారిని నవ్వులపాలు చేయుట కూడని పనులు. కాని ఆ గంటలలోనే దేహము చెడుచున్నప్పుడు ఊరకుండుటకును అధికారులకు హక్కు లేదు. నర్సునకు నడుమునొప్పి తెచ్చిపెట్టిన మంచము ఆసుపత్రిదే. రోగి నొంటరిగా ఎత్తవలసివచ్చుటయు అక్కడి యేర్పాటే. ఆమెకు వ్యాయామము నేర్పుటకు ముందు ఎత్తు తగ్గించి పెంచుటకు వీలైన మంచమునిచ్చి, ఇరువురు కలిసి రోగి నెత్తు పద్ధతి నేర్పవలెను. పిమ్మట నడుమును, కాళ్లను బలపఱచు వ్యాయామములు వారమునకు రెండుమార్లు, పనిగంటలలోనే, చల్లని గదిలో చేయింపవచ్చును. కూర్చుండువారి సంగతి సులభము. పదినిమిషములకు తక్కువైన కదలిక లెక్కకు రాదను పాతనియమమును ప్రపంచారోగ్యసంస్థ 2020లో విడిచినది. కావున గుమాస్తా గంటకొకసారి లేచి ఆవరణము చుట్టివచ్చినను మేలే.

కాలువగట్టుమీద తెల్లవారుజామున నడువుడని పురుషులకు చెప్పుట తేలిక. అదే నర్సునకు చెప్పినచో, ఆ వేళకామె పొయ్యి వెలిగించి, బిడ్డలకు చద్దికట్టి, బస్సునకు పరుగెత్తుచుండును. ప్రొద్దుగూకి వచ్చినపిదప మరల పొయ్యియే. ఇందు ఆసుపత్రి చేయగలిగినది కొంచెమే. మిగిలినది ఈ పుటలు చదువు గృహస్థులది. కోడలి జీతమును సంతోషముతో నందుకొను నింట, కూరలు తరిగి బియ్యము కడిగి పెట్టుటకు మగచేతులు సాగవేల? ఆ యరగంట మిగిలినచో ఆమె నడచునో, నిద్రించునో ఆమె యిష్టము. రాత్రి కాన్పులు చేసివచ్చిన దినమున నిద్రయే మంచిదని నా యభిప్రాయము.

ఇక పనిగంటలలో పావుగంట విడుపునిచ్చుటకు అడ్డమేమి? ఒక్కటే. ఆ పావుగంట వార్డులో ఎవరుండవలెను? ఒక్క నర్సుతో సాగు రాత్రివంతున ఆమె లేచిపోయినచో పురిటిమంచమున నున్న తల్లికి దిక్కు లేదు. రెండవ మనిషిని నియమింపక వ్రాసిన వ్యాయామపు వేళలపట్టిక గోడమీదనే యుండును. ఆమె మంచము ప్రక్కననే నిలిచియుండును.