ప్రేమించిన వస్తువునకు వెల యెంత?

అమ్మదలచినవాడు తన వస్తువు వెలను ఎక్కడనుండి లెక్కింపవలెను? తాను పెట్టిన ఖర్చునుండియా? కొనువాని ఆశనుండియా? లేక ఆ వస్తువునుండియేనా? బియ్యము, బట్టలు అమ్మునప్పుడు ఈ ప్రశ్నకు బజారే జవాబు చెప్పును. కాని ఒకడు తన ఇష్టమునుబట్టి మార్చుకొనిన మోటారు బండిని అమ్మునప్పుడు బజారు స్పష్టముగా పలుకదు. అప్పుడు మనస్సాక్షి మాటలాడవలసి వచ్చును.

మారుతీ జిప్సీని ఉదాహరణముగా తీసికొందము. 1985లో మన దేశమున అమ్మకమునకు వచ్చిన ఈ చిన్న బండి నాలుగు చక్రములకును శక్తినందించుటచే సైన్యమునకును, కొండదారుల ప్రియులకును చిరకాలము ఉపయోగపడెను. 2019 నాటికి సామాన్యులకు క్రొత్త బండ్ల అమ్మకము ఆగిపోయెను. అయినను పాతవాటిని వెదకి కొనువారు నేటికిని కలరు. ఒక గృహస్థుడు అట్టి బండిని మూడు లక్షలకు కొని, పెద్ద టైర్లు, ఎత్తు పెంచు స్ప్రింగులు, ఇనుప బంపర్లు, క్రొత్త సీట్లు అమర్చి, మరి నాలుగు లక్షలు వెచ్చించెననుకొందము. ఆరు సంవత్సరములు దానితో సంతోషించెను. ఇప్పుడు కుమార్తె కళాశాల ఫీజు కొరకు అమ్మవలసి వచ్చెను. “నాకు ఏడు లక్షలైనది, ఒక్క రూపాయి తగ్గను” అని అతడు పలుకుచున్నాడు.

అతని మాట న్యాయమేనా? ఆ నాలుగు లక్షలు అతడు తన ముచ్చట కొరకు ఖర్చు చేసెను. కొనువాడు వాటిని కోరలేదు. టైర్లు అరిగినవి, సీట్లు నలిగినవి. ఆరేండ్ల ఆనందమును తాననుభవించి, దాని లెక్కను మరియొకనికి పంపుట తగునా? కుమార్తె ఫీజు భారమైనదే. కాని ఆ భారము బండి విలువను పెంచదు.

అంతకంటె గంభీరమైన సంగతి మరియొకటి గలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారుడు మొదట నిర్దేశించినవాటికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా నిలిపెను. మరియు టైరు పెద్దదైనకొలది స్పీడోమీటరు అసలు వేగముకంటె తక్కువ చూపును. ఎత్తు పెరిగిన బండి మలుపులలో సులభముగా బోల్తాపడగలదు. మార్పులను ముందుగా తెలుపనియెడల ప్రమాదానంతరము బీమా సంస్థ అభ్యంతరము చెప్పవచ్చును. అమ్మువాడు ఘనతగా ఎంచినది కొనువానికి భారమగుట ఇట్లే.

“అతడు అడుగలేదు, నేను చెప్పలేదు” అని కొందరందురు. క్రీస్తుకు పూర్వమే రోమా పండితుడైన సిసిరో తన కర్తవ్య గ్రంథము మూడవ భాగములో ఈ వాదమునే పరిశీలించెను. ఇంటి లోపములను ఎరిగియు చెప్పక అమ్మినవాడు దోషియా? చెప్పకుండుట దాచుట కాదని డయోజెనీసు పక్షము. అది దారి తప్పినవానికి దారి చూపకుండుట వంటిదని అంటిపాటరు పక్షము. సిసిరో రెండవ పక్షమునే నిలిచెను. మార్టిన్ లూథరు 1524లో వర్తకమునుగూర్చి వ్రాయుచు, సాధ్యమైనంత ఎక్కువ ధరకు అమ్ముదునను వర్తకుల సూత్రమును ఖండించెను. అయినను ఖర్చునకు, శ్రమకు, అపాయమునకు తగిన ప్రతిఫలమును అతడు కాదనలేదు.

కావున లెక్క ఇట్లుండవలెను. అదే సంవత్సరపు, అదే స్థితిలోని మార్పులేని జిప్సీకి వచ్చు ధరతో మొదలుపెట్టవలెను. చట్టసమ్మతమై, ఇంకను మన్నిక గలిగి, కొనువాడు నిజముగా కోరిన భాగములకు నేటి విలువను కలుపవలెను. తిరిగి సరిచేయవలసిన వాటి ఖర్చును తీసివేయవలెను. అసలు భాగములను దాచియుంచినవాడు వాటిని మరల బిగించి, అదనపు సామగ్రిని వేరుగా అమ్ముకొనవచ్చును. ధర పలుకకముందే మార్పులన్నియు ఒక కాగితముపై వ్రాసి చేతికీయవలెను. బండిని చూచి యువకుని కన్నులు మెరిసినయెడల, ఆ మెరుపు అతని సొత్తు. దానికి వెల కట్టుటకు మనకు హక్కు లేదు.

కొనువానికిని ధర్మము గలదు. అవసరములోనున్నవాని యెదుట మంచి బండిని పనికిరానిదని నిందించి, ఇంటికి వెళ్లి చవుకగా దొరికెనని అతిశయించుట తప్పు. సామెతల గ్రంథకర్త ఇట్టివానిని బాగుగా ఎరిగియుండెను.

ఇట్లు లెక్కించినప్పుడు ఆ గృహస్థునికి ఏడు లక్షలు కాక, నాలుగున్నరయే రావచ్చును. ఫీజునకు కొరత పడును. దానికై అతడు అప్పు చేయవలసి రావచ్చును. ఇది చిన్న త్యాగము కాదు. అయినను ఆ రెండున్నర లక్షలను బండి అతనికి ఎన్నడో చెల్లించినది. కొండలమీద గడిపిన ఉదయములలో, భార్యాబిడ్డల నవ్వులలో చెల్లించినది.

చదువరీ, పత్రములలో పేరు మారిన దినముతోనే అమ్మినవాని బాధ్యత తీరిపోదు. ఘాటు రోడ్డులోని మొదటి మలుపున స్టీరింగు పట్టుకొనువాడు మన మాటను నమ్మి కూర్చున్నవాడు. వెల నిర్ణయించుటకు ముందు మనలను మనమే అడుగుకొందము: ఇదే బండిని, ఇదే ధరకు, ఇవే మాటలు చెప్పి, నా అన్న కుమారునికి అమ్మగలనా? అమ్మగలనని నిస్సంకోచముగా చెప్పగలిగినయెడల అదియే న్యాయమైన వెల.